తేనెటీగ కాలిలో 658 అక్షరాలు

నెల్లూరు జిల్లా పల్లెల్లో పాత ఇటుక గోడ పగులులోంచో, కరెంటు మీటరు పెట్టె వెనకనుంచో సన్నటి జిగురు గొట్టం ఒకటి బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తుంటుంది. ముట్టుకుంటే వేలికి అంటుకుంటుంది. దాని మూతి దగ్గర చీమల్లాంటి నల్లటి పురుగులు నాలుగైదు కాపలా కాస్తుంటాయి. దోమలనో, రెక్కల చీమలనో అనుకుని ఇంట్లోవాళ్లు పట్టించుకోరు. అవి తేనెటీగలే. ఒక్కొక్కటి మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది. కుట్టడానికి పనికొచ్చే ముల్లు లేదు కాబట్టి వీటికి కుట్టని తేనెటీగలని పేరు. లోపల మైనం, చెట్ల జిగురు కలిపి చేసిన చిన్న చిన్న కుండల్లో తేనె దాచుకుంటాయి.

వీటి శాస్త్రీయ నామం ఏమిటని అడిగితే చాలాచోట్ల వచ్చే జవాబు ఒకటే: టెట్రాగోనులా ఇరిడిపెన్నిస్. 1854లో ఇంగ్లండ్ కీటక శాస్త్రవేత్త ఫ్రెడరిక్ స్మిత్ శ్రీలంక నుంచి వచ్చిన నమూనాలు చూసి పెట్టిన పేరిది. ఆ తర్వాత నూరేళ్లకు పైగా మన దేశంలో ఎక్కడ కుట్టని ఈగ దొరికినా దాదాపు ఇదే పేరు తగిలించారు. అన్నీ నల్లగా, చిన్నగా, ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి కాబట్టి అలా రాసుకుపోవడంలో ఎవరికీ ఇబ్బంది కలగలేదు. ఇటీవలి దశాబ్దాల్లో మళ్లీ జాగ్రత్తగా చూడటం మొదలుపెట్టాక ఆ ఒక్క పేరు కింద వేరువేరు జాతులు కలిసిపోయి ఉన్నాయని తేలింది. కేరళ, కర్ణాటకల నుంచి కొత్త పేర్లు వచ్చాయి. పొదలకూరు దగ్గర గోడలో ఉన్నది వాటిలో ఏది? భూతద్దం పెట్టి చూసినా ధైర్యంగా చెప్పడం కష్టం. జన్యు పరీక్ష అవసరం అక్కడే పడుతుంది. అయితే ఆ పరీక్ష మీద జనంలో ఉన్న నమ్మకం అది చేయగలిగిన పనికంటే కొంచెం పెద్దది. యంత్రంలో ఈగను పెడితే పేరు బయటికొస్తుందని చాలామంది అనుకుంటారు. అలా రాదు.

ముందు కంటికి దక్కాల్సిన గౌరవం దక్కాలి. తేనె తీసే యానాదులకు, నల్లమల వైపు చెంచులకు ఈగల జాతులు చెప్పడానికి ఏ పరీక్షా అక్కర్లేదు. వాళ్లు ఈగను కాదు, గూడును చూస్తారు. కొండ చరియకో, పెద్ద మర్రి కొమ్మకో, ఊళ్లో నీళ్ల ట్యాంకు అడుగునో మూడడుగుల వెడల్పున ఒంటి పట్టు వేలాడుతుంటే అది కొండ తేనె, శాస్త్రం భాషలో ఏపిస్ డోర్సాటా. జోలికి వెళ్తే ఊరంతా పరుగే. కంపచెట్టు సందున అరచేయంత ఒంటి పట్టు చిన్న తేనెటీగది, ఏపిస్ ఫ్లోరియా. చెట్టు తొర్రలోనో, పుట్టలోనో చీకట్లో పక్కపక్కనే ఏడెనిమిది పట్లు వేసుకుంటే అది పుట్ట తేనె, ఏపిస్ సెరానా. జిగురు గొట్టం ఉంటే కుట్టనివి. లారీల్లో వచ్చి పొద్దుతిరుగుడు చేల గట్ల మీద దిగే పెట్టెల్లో ఉండేది ఏపిస్ మెల్లిఫెరా. అది 1962 నుంచి మన దేశంలో నిలదొక్కుకున్న పరాయి ఈగ. ఈ అయిదింటినీ విడదీయడానికి జన్యు పరీక్ష చేయించడం డబ్బు దండగ.

చిక్కు ఈ అయిదు గుంపుల లోపలే ఉంది. వెలికొండల్లో పెంచలకోన పక్క తొర్రలో ఉన్న పుట్ట తేనెటీగ, పెన్నా కింద కోవూరు పొలాల గట్టున తాటి మొద్దులో ఉన్న పుట్ట తేనెటీగ ఒకటేనా? దక్షిణ భారతంలో ఈ ఈగ రెండు రూపాల్లో కనిపిస్తుందని పెంపకందార్లకు చాలా కాలంగా తెలుసు. కొండల్లోది కాస్త పెద్దది, నల్లనిది. మైదానాల్లోది చిన్నది, పసుపు రంగుది. ఇదే ఆధారమైతే రంగు చూసి తేల్చేయొచ్చు కదా అనిపిస్తుంది. కానీ తేనెటీగ రంగును నమ్మలేం. ప్యూపా దశలో, అంటే మూసిన గదిలో పురుగు ఈగగా మారే రోజుల్లో చలి తగిలితే అదే తల్లి బిడ్డలు నల్లబడతాయి. పాత పట్టులో గదులు ఇరుకైపోతాయి కాబట్టి అందులో పెరిగిన ఈగ చిన్నదవుతుంది. వయసు మీదపడిన కూలి ఈగకు ఒంటి మీది నూగు రాలిపోయి నున్నగా, నల్లగా మెరుస్తుంది. అంటే ఒకే గూట్లోనే మూడు రకాలున్నట్టు కనిపించే అవకాశం ఉంది.

రంగు ఎంత మోసం చేస్తుందో ఐరోపాలో బొద్దుగా, ఒళ్లంతా నూగుతో ఉండే బంబుల్ బీ అనే ఈగల విషయంలో బాగా బయటపడింది. బంబస్ లూకోరమ్ అనే ఈగకు దగ్గరి బంధువులు రెండున్నాయి, బంబస్ క్రిప్టారమ్, బంబస్ మాగ్నస్. వీటిని మెడ దగ్గరి పసుపు పట్టీ ఎంత వెడల్పుందో, ఎక్కడిదాకా దిగిందో చూసి విడదీయవచ్చని గైడు పుస్తకాల్లో రాసుకున్నారు. 2012లో ఒక పరిశోధక బృందం ముందు జన్యు పరీక్షతో ఈగలను విడదీసి, తర్వాత ఆ పట్టీలను కొలిచింది. పట్టీల కొలతలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కేశాయి. ఏళ్ల తరబడి రంగు చూసి రాసిన రికార్డుల్లో ఎన్ని సరైనవో చెప్పలేని పరిస్థితి వచ్చింది. బంబుల్ బీలు నెల్లూరు ఎండల్లో ఉండవు గానీ, ఆ పాఠం మాత్రం ఇక్కడి గోడల్లోని నల్ల ఈగలకు అచ్చంగా సరిపోతుంది.

ఇక పరీక్ష. తేనెటీగ ఒక కాలు చాలు. కండ ఎక్కువ ఉండే వెనక కాలో, మధ్య కాలో తీస్తారు. దాన్ని చిన్న గొట్టంలో వేసి, మాంసకృత్తులను కరిగించే ఎంజైమ్ కలిపి, 56 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఉంచుతారు. కండ కరిగి డీఎన్‌ఏ ద్రవంలోకి వస్తుంది. అందులో ఈగ జన్యు సంపద మొత్తం ఉంటుంది. అదంతా చదవాల్సిన పని లేదు. కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియా అనే భాగానికి సొంత డీఎన్‌ఏ ఉంటుంది. అందులోని సీఓఐ అనే జన్యువులో ఒక ముక్క కావాలి, అంతే. ఈ ముక్కకు రెండు కొసలా అతుక్కునేలా పాతికేసి అక్షరాల పొట్టి డీఎన్‌ఏ తునకలను కలుపుతారు. వీటినే ప్రైమర్లంటారు. తర్వాత పీసీఆర్ యంత్రం. కోవిడ్ పుణ్యమా అని ఈ పేరు తెలియని ఇల్లు లేదు. 94 డిగ్రీల దగ్గర డీఎన్‌ఏ జంట పోగులు విడిపోతాయి. 50 డిగ్రీల చుట్టుపక్కలకు చల్లబడితే ప్రైమర్లు తమ చోట అతుక్కుంటాయి. 72 డిగ్రీల దగ్గర ఎంజైమ్ కొత్త పోగు అల్లుతుంది. ఒక చుట్టు అయ్యేసరికి ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ముప్పై చుట్లకు, లెక్క ప్రకారమైతే, ఒక్క ముక్క వంద కోట్లు దాటుతుంది. అంత మొత్తం తయారైతే గానీ చదివే యంత్రానికి సరిపోదు.

చదివాక చేతికొచ్చేది ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాలతో రాసిన వరుస. కంప్యూటర్ తెర మీద నాలుగు రంగుల్లో కొండ శిఖరాల్లా లేచి పడే గీతలుంటాయి. ఒక్కో శిఖరం ఒక్కో అక్షరం. ప్రామాణిక ముక్కలో మొత్తం 658 అక్షరాలు. 2003లో కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో పాల్ హెబర్ట్ ఈ ముక్కను జంతువులకు బార్‌కోడ్‌లా వాడుకోవచ్చని ప్రతిపాదించారు. షాపులో సబ్బు బిళ్ల మీద గీతల్లాగే ఈ అక్షరాల వరుసా జాతిని పట్టిస్తుందన్నది ఆలోచన. మైటోకాండ్రియాను ఎంచుకోవడానికి రెండు కారణాలు. ఒక కణంలో దాని ప్రతులు వందల్లో ఉంటాయి కాబట్టి ఎండిపోయిన పాత కాలులో కూడా ఎంతో కొంత మిగులుతుంది. రెండోది, అందులో మార్పులు చకచకా చేరుతుంటాయి. దగ్గరి బంధువులైన జాతుల మధ్య కూడా తేడా కనిపించేంతగా.

తేనెటీగల విషయంలో ఇంకో సౌకర్యం ఉంది. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది. గూట్లోని కూలి ఈగలన్నీ ఒకే రాణి కూతుళ్లు. కాబట్టి దారి తప్పి వచ్చిన పక్క గూటి ఈగ తగలకపోతే, ఇరవై వేల ఈగలున్న గూటికి ఒక్క కాలు సమాధానం చెబుతుంది. చేపల్లోనో, సీతాకోకచిలుకల్లోనో ఈ సుఖం లేదు.

ఇప్పుడు అసలు మలుపు. 658 అక్షరాలు చేతికొచ్చాయి. వాటి మీద ఎక్కడా పేరు రాసి ఉండదు. అంతకుముందు ఎవరో ఒక ఈగను పట్టి, ఇది ఫలానా అని తేల్చి, దాని వరుసను డేటాబేస్‌లో పెట్టి ఉండాలి. కొత్త వరుసను దానితో పోల్చి ఎన్ని అక్షరాలు తేడా ఉన్నాయో లెక్కపెడతారు. ఒకే జాతి ఈగల మధ్య ఈ తేడా సాధారణంగా నూటికి ఒకటి రెండు లోపే ఉంటుంది. రెండు శాతమంటే 658లో 13 అక్షరాలు. అంతకన్నా బాగా ఎక్కువైతే వేరే జాతి కావచ్చునని అనుమానిస్తారు. ఇది అనుమానమే, చట్టం కాదు. ఈ మధ్యనే విడిపోయిన జాతుల్లో తేడా ఇంకా అంతదాకా పెరిగి ఉండదు. కొండలూ నదులూ అడ్డుపడి చాలా కాలం విడివిడిగా బతికిన ఒకే జాతి గుంపుల్లో తేడా గీత దాటనూ వచ్చు. రెండు శాతమనే అంకెను పాస్ మార్కుల్లా వాడే నివేదికలు చాలానే కనిపిస్తాయి. వాటిని కాస్త జాగ్రత్తగా చదవాలి.

డేటాబేస్‌లో ఉన్న పేరే తప్పైతే? కుట్టని ఈగల దగ్గర ఈ బెడద నిజంగానే ఉంది. ప్రతి నల్ల ఈగకూ ఇరిడిపెన్నిస్ అని పేరు పెట్టిన అలవాటు డేటాబేస్‌లోకీ పాకుతుంది. ఎవరో ఒకరు గోడలోని ఈగ వరుస చదివి, ఆ పేరుతోనే ఎక్కించేస్తారు. తర్వాత వచ్చినవాళ్ల ఈగ దానితో 99.8 శాతం కలుస్తుంది. రిపోర్టులో ఇరిడిపెన్నిస్ అని పడుతుంది. చూడ్డానికి పక్కా జన్యు సాక్ష్యం, అసలుకి పాత పొరపాటుకు కొత్త రసీదు. ఈ చక్రం నుంచి బయటపడాలంటే పేరు మొదట పుట్టిన చోటికి, అంటే శ్రీలంక నమూనాల దగ్గరికి వెళ్లి అక్కడి ఈగలతో పోల్చుకోవాలి. 2013లో కీటక శాస్త్రవేత్త క్లాస్ రాస్ముస్సెన్ భారత ఉపఖండపు కుట్టని ఈగల పేర్లన్నిటినీ తిరగేసి చేసిన సమీక్ష ముఖ్యంగా ఇలాంటి చిక్కుముడులు విప్పడానికే ఉపయోగపడింది.

ఈ ఈగల్లో జాతిని గట్టిగా తేల్చే శరీర లక్షణం పోతుటీగల జననాంగాల్లో ఉంటుంది. కూలి ఈగలన్నీ ఒకేలా ఉన్నా, పోతుల్లో ఆ భాగాల ఆకారం జాతి జాతికీ మారుతుంది. 1978లో జపాన్ శాస్త్రవేత్త షోయిచి సకగామి ఆసియా జాతులను వర్గీకరించినప్పుడు ఈ లక్షణాలకు పెద్దపీట వేశారు. చిక్కేమిటంటే పోతుటీగలు ఎప్పుడూ దొరకవు. గూడు బాగా బలంగా ఉన్న రోజుల్లోనే పుడతాయి, బయటికెళ్లి గుంపుగా ఎగురుతాయి. ఆ గుంపు ఏ గూటిదో తెలియదు. ఇక్కడ జన్యు పరీక్ష చేసే మేలు వేరే ఏదీ చేయలేదు. గాలిలో వల వేసి పట్టిన పోతు కాలు, గోడలోని కూలి ఈగ కాలు రెండూ చదివిస్తే, ఇవి ఒకే జాతివా కావా అన్నది తెలిసిపోతుంది. అప్పుడు పోతు శరీరం చూసి తేల్చిన పేరును కూలి ఈగకు ధైర్యంగా ఇవ్వొచ్చు. పేరు తెచ్చింది సూక్ష్మదర్శిని. డీఎన్‌ఏ ఆ రెంటికీ సంబంధం కలిపింది.

పుట్ట తేనెటీగ దగ్గరికి వస్తే కథ ఇంకా ఆసక్తికరం. మైదానాల పసుపు ఈగకూ, కొండల నల్ల ఈగకూ మైటోకాండ్రియాలో గట్టి తేడా ఉందని 1990ల్లోనే కనిపించింది. 2010లో నాథన్ లో అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు తేనెటీగల వంశవృక్షాన్ని జన్యువులతో కట్టి, దక్షిణ భారత మైదానాల ఈగను ఏపిస్ ఇండికా అనే వేరే జాతిగా లెక్కించాలన్నారు. కొత్త పేరు వెతుక్కోవాల్సిన అవసరం రాలేదు. 1798లో డెన్మార్క్ కీటక శాస్త్రవేత్త ఫాబ్రిషియస్ పెట్టి, తర్వాత సెరానా కింద కలిపేసిన పేరే అది. దుమ్ము దులిపి మళ్లీ బయటికి తీశారు. 2022లో కేరళ శాస్త్రవేత్తలు పశ్చిమ కనుమల నల్ల ఈగకు ఏపిస్ కరింజోడియన్ అని కొత్త పేరు పెట్టారు. రెక్కల్లో నరాల కొలతలు, మైటోకాండ్రియా వరుసలు రెండూ దానికి ఆధారంగా చూపారు. భారతదేశం నుంచి తేనెటీగకు కొత్త జాతి పేరు రావడం రెండు వందల ఏళ్ల తర్వాత అదే మొదలని పత్రికలు బాగానే రాశాయి. ఈ విభజనలను ఇంకా ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. వ్యవసాయ కరపత్రాల్లో ఇప్పటికీ ఏపిస్ సెరానా ఇండికా అనే ఉంటుంది. నెల్లూరు వైపు తూర్పు కనుమల మీద చలి తక్కువ, ఎత్తూ తక్కువ. వెలికొండ తొర్రలోని నల్లటి ఈగ కనిపించగానే కరింజోడియన్ అనుకోవడానికి వీల్లేదు. ఆ ఈగ ఉందని చెప్పిన ప్రాంతం పశ్చిమ కనుమలు. ఇక్కడిది తేలాలంటే కొండ మీది గూళ్ల నుంచి, కింద పొలాల గూళ్ల నుంచి, మధ్యలో రాపూరు, ఉదయగిరి లాంటి చోట్ల నుంచి కాళ్లు తీసి వరసగా చదివించాలి. ఒక కొస నుంచి ఇంకో కొసకు అక్షరాలు నెమ్మదిగా మారుతూ వస్తే ఒకే జాతి అనుకోవచ్చు. మధ్యలో ఎక్కడో ఒక్కసారిగా తెగితే ఆలోచించాలి.

జాతులు అసలు ఎందుకు కలిసిపోవు? ఒకే చెట్టు పూల మీద మూడు రకాల తేనెటీగలు తిరుగుతాయి. వాటి రాణులు పోతులను పిలిచే వాసనలో ముఖ్యమైన రసాయనం కూడా ఒకటే. 1976లో శ్రీలంకలో చేసిన ఒక పరిశీలన దీనికి భలే జవాబు చెప్పింది. చిన్న తేనెటీగ పోతులు మధ్యాహ్నం 12 నుంచి రెండున్నర మధ్య ఎగిరాయి. పుట్ట తేనెటీగవి నాలుగుంపావు నుంచి ఐదుంపావు మధ్య. కొండ తేనెటీగవి సాయంత్రం ఆరు దాటాక, సంజె చీకట్లో. ఆకాశం ఒకటే, షిఫ్టులు వేరు. డీఎన్‌ఏలో కనిపించే దూరం వెనక ఇలాంటి వేళల తేడాలు, అవయవాల అమరిక తేడాలు ఉంటాయి. వాటిని చూడకుండా అక్షరాల దూరం మాత్రమే లెక్కపెడితే సగం కథే తెలుస్తుంది.

మైటోకాండ్రియా తల్లి వైపు నుంచే వస్తుందన్న సౌకర్యమే ఒక్కోసారి గోతిలో పడేస్తుంది. 1956లో బ్రెజిల్‌కు ఆఫ్రికా తేనెటీగలను తెచ్చారు. మరుసటేడు కొన్ని గుంపులు తప్పించుకుని స్థానిక ఐరోపా ఈగలతో కలిశాయి. మెల్లగా ఖండమంతా వ్యాపించి 1990లో అమెరికాలోని టెక్సస్ చేరాయి. కోపిష్టి ఈగలివి, మీద పడితే వదలవు. కంటికి మాత్రం మామూలు ఈగల్లాగే ఉంటాయి. అవీ ఇవీ ఒకే జాతిలో ఉపజాతులు కాబట్టి కలిస్తే సంకరం పుడుతుంది. ఐరోపా రాణి ఆఫ్రికా పోతులతో కలిస్తే ఆ గూటి కూతుళ్లలో సగం జన్యువులు ఆఫ్రికావి. మైటోకాండ్రియా పరీక్షలో మాత్రం గూడు మొత్తం ఐరోపాదని వస్తుంది. పైగా రాణి పదీ ఇరవై పోతులతో కలుస్తుంది కాబట్టి ఒక్కో కూతురి తండ్రి ఒక్కొక్కడు. తండ్రి వైపు తెలియాలంటే తల్లీ తండ్రీ ఇద్దరి జన్యువులూ ఉండే కణ కేంద్రకంలోని గుర్తులు చూడాలి, ఒకటి కాక చాలా ఈగలు చదివించాలి. మన దగ్గర పెట్టెల మెల్లిఫెరాకూ, పుట్ట తేనెటీగకూ మధ్య ఈ భయం లేదు. అవి కలిసినా పిండం బతకదు. అక్కడ బార్‌కోడ్ చెప్పిందే ఖాయం.

ఇంకో చిన్న మోసం కూడా ఉంది. పరిణామ క్రమంలో మైటోకాండ్రియా డీఎన్‌ఏ తునకలు కేంద్రకంలోకి నకళ్లుగా చేరిపోతుంటాయి. తేనెటీగ జన్యు సంపదను 2006లో చదివాక ఇలాంటి నకళ్లు అందులో విపరీతంగా ఉన్నాయని తెలిసింది. ప్రైమర్ అసలుకు బదులు నకలుకు అతుక్కుంటే తప్పుడు వరుస వస్తుంది, లేని జాతి పుట్టుకొస్తుంది. తెర మీద ఒకే చోట రెండు రంగుల శిఖరాలు లేచినా, మాంసకృత్తి తయారీ మధ్యలో ఆగిపోయే సంకేతం వరుసలో కనిపించినా అనుమానించాలి. అనుభవమున్న టెక్నీషియన్ ఒక్క చూపులో పట్టేస్తారు. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన వరుసను కళ్లు మూసుకుని తీసుకునేవాళ్లకు దొరకదు.

ఇదంతా శాస్త్రవేత్తల గొడవ, రైతుకేం పని అనొచ్చు. నిమ్మ తోటల రైతుకు పువ్వు మీద ఏ ఈగ వాలిందన్నది నిజానికి పెద్ద విషయం కాదు, వాలితే చాలు. గూళ్లు ఒకచోట నుంచి ఇంకోచోటికి తరలించేటప్పుడు మాత్రం జాతి తెలియాలి. కుట్టని ఈగల పెట్టెలు ఇప్పుడు రాష్ట్రాలు దాటి అమ్ముడవుతున్నాయి. కనుమల్లో వానకు అలవాటు పడిన జాతిని తెచ్చి మే నెల నెల్లూరు ఎండలో రేకుల షెడ్డు కింద పెడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. జబ్బుల లెక్కా ఉంది. 1990ల మొదట్లో పిల్ల పురుగులను చంపే థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాదిన పుట్ట తేనెటీగల పెట్టెల్లో చాలా భాగాన్ని తుడిచిపెట్టేసింది. మెల్లిఫెరా మాత్రం తట్టుకుంది. ఒక జాతికి ప్రాణం తీసే జబ్బు ఇంకో జాతికి జలుబు లాంటిది కావచ్చు.

తేనె అమ్మకంలో ఈ పరీక్ష ఉపయోగం సూటిగా ఉంటుంది. తేనెలో పుప్పొడితో పాటు ఈగ కణాల అవశేషాలూ ఉంటాయి. వాటిలోని డీఎన్‌ఏ తీసి, అది ఏ జాతి ఈగ పెట్టిన తేనెనో చెప్పవచ్చు. పుట్ట తేనె, కుట్టని ఈగల తేనె అని చెప్పి ఎక్కువ ధరకు అమ్మే సీసాలో పెట్టెల తేనె ఉంటే బయటపడుతుంది. మరీ సంబరపడక్కర్లేదు. ఈగలు పక్క గూటి తేనె దోచుకోవడం మామూలే కాబట్టి వేరే జాతి ఆనవాలు కాస్త కనిపించినంత మాత్రాన కల్తీ అనలేం. బాగా కాచి, సన్నని జల్లెళ్లలో వడగట్టిన తేనెలో డీఎన్‌ఏ ముక్కలైపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, పంచదార పాకం కలిపారా లేదా అన్నది ఈ పరీక్ష చెప్పదు. దానికి వేరే పరీక్షలున్నాయి. తిరగేసి చూస్తే, కుట్టని ఈగల తేనె పల్చగా, పుల్లగా ఉంటుంది. మామూలు తేనెకు తేమ 20 శాతం మించకూడదని ఆహార ప్రమాణం. కుట్టని ఈగల తేనె సహజంగానే ఆ గీత దాటుతుంది. అసలైన సరుకును నీళ్లు కలిపారంటూ తిప్పి పంపే చోట, ఇది ఏ ఈగ తేనెనో చెప్పే కాగితం ఒకటి ఉంటే అమ్మేవాళ్లకు అండగా ఉంటుంది.

తేనె పెట్టని ఈగల సంగతి ఇంకా పచ్చిగానే ఉంది. ప్రకాశం జిల్లా కంది చేలల్లో పూత మీదికి ఎక్కువగా వచ్చేవి ఆకులు కత్తిరించే మెగాకైల్ ఈగలు, వడ్రంగి ఈగలు. వడ్రంగి ఈగ అంటే మన తుమ్మెదే. కవులు దాన్ని ఎన్ని పద్యాల్లో ఎగరేశారో లెక్కలేదు గానీ, ఆ ఒక్క మాట కింద ఉన్న జాతుల లెక్క ఎవరికీ పట్టలేదు. కొన్నింట్లో ఆడది నల్లగా, మగది ఒళ్లంతా పసుపు నూగుతో ఉంటుంది. పక్కపక్కన పెడితే ఎవరైనా రెండు జాతులంటారు. వేరువేరు జాతులు ఒకేలా కనిపించడం ఒక తిప్పలైతే, ఒకే జాతి రెండు వేషాల్లో తిరగడం ఇంకో తిప్పలు. బార్‌కోడ్ రెండో తిప్పలను మొదటిదానికన్నా సులువుగా తీరుస్తుంది. ఆడా మగా రెండింటికీ తల్లి ఒకే వంశం కదా.

ఈ పని కోసం జిల్లాలో పెద్ద ప్రయోగశాల కట్టాల్సిన పని లేదు. చదివే యంత్రాలు చెన్నైలో, హైదరాబాదులో, బెంగళూరులో ఉన్నాయి. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ కీటకాల బార్‌కోడ్‌ల మీద పనిచేస్తోంది. జిల్లాలో జరగాల్సింది నమూనాల సేకరణ. అది ఏ డిగ్రీ కాలేజీ జువాలజీ విద్యార్థులైనా చేయగలరు. ఈగను 95 శాతం ఆల్కహాల్‌లో వేయాలి. ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్‌ఏ పాడవుతుంది. చేతులకు రాసుకునే శానిటైజర్‌లో నీళ్లు ఎక్కువ, అది పనికిరాదు. సీసాను కారు డాష్‌బోర్డు మీద వదిలేస్తే నెల్లూరు ఎండ మిగతా పని పూర్తి చేస్తుంది కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. లోపల వేసే చీటీ పెన్సిల్‌తో రాయాలి. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోయి, నెల తిరిగేసరికి నీలం నీళ్లలో తెల్ల కాగితం తేలుతుంటుంది. చీటీలో ఊరు, తేదీ, గూడు ఎక్కడుంది, గొట్టం ఎంత పొడవు, నేల నుంచి ఎంత ఎత్తు అన్నవన్నీ ఉండాలి. తేనె తీసేవాళ్లు చూసి చెప్పే వివరాలే ఇవి. వాళ్లనే అడిగి రాసుకుంటే ఇంకా మంచిది.

కాలు తీశాక మిగిలిన ఈగను చాలామంది పారేస్తారు. పారేయకూడదు. సూదికి గుచ్చి, కాలు ఉన్న గొట్టానికి ఇచ్చిన నంబరే దానికీ ఇచ్చి, పెట్టెలో దాచాలి. పదేళ్ల తర్వాత ఎవరో ఇరిడిపెన్నిస్‌ను ఇంకో మూడు పేర్లుగా విడగొడితే, డేటాబేస్‌లోని 658 అక్షరాల పక్కన పేరు మార్చడానికి మళ్లీ తీసి చూడాల్సింది ఐదు కాళ్లతో మిగిలిన ఆ ఈగనే.